మేడ్చల్ చౌరస్తాలో లెఫ్టినెంటు

కాశీకి వెళ్లివచ్చినవారు గంగ గురించి రాస్తారు. సిమ్లాకు వెళ్లివచ్చినవారు మంచు గురించి రాస్తారు. నేను మేడ్చల్, శామీర్‌పేట వెళ్లివచ్చాను. ఆ రెండూ హైదరాబాదుకు ఉత్తరపు అంచున, సిటీ బస్సు టికెట్టుతో తేలిపోయే దూరంలో ఉన్నాయి కనుక దీన్ని యాత్ర అనడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఇల్లు వదిలి వెళ్లి, ముక్కూమొహం తెలియనివారితో కలిసి తిని, బయలుదేరేటప్పుడు ఉన్న ఒక నమ్మకాన్ని దారిలో ఎక్కడో జారవిడుచుకుని తిరిగివస్తే అది యాత్రే అవుతుందని నా అభిప్రాయం. దూరంతో దానికి పనిలేదు.

2012 ఫిబ్రవరిలో ఒక గురువారం మొదలుకొని శనివారం వరకు జరిగిన ప్రయాణమిది. ఉద్యోగాల సమాచారం కోరివచ్చేవారికి ఆ సమాచారం ఇచ్చే ఒక కార్యాలయంలో నేను సూపరింటెండెంటును. పదో తరగతి పిల్లలకు సైనిక సేవలలోనూ పౌర ప్రభుత్వ సేవలలోనూ ఉన్న ఉద్యోగాలను పరిచయం చేయవలసిందిగా ఆ యేడు మాకు ఉత్తర్వు అందింది. పరిచయం అన్న మాట నాకు నచ్చింది. అది నియామకం కాదు, హామీ కాదు. ఇద్దరు మనుషులను పరిచయం చేసి మనం పక్కకు తప్పుకుంటాం. ఆ తరువాత వారు స్నేహితులైనా కాకపోయినా మనల్ని అడిగేవారు ఉండరు. ఇంత బాధ్యత లేని పని ప్రభుత్వంలో అరుదుగా దొరుకుతుందనుకుంటూ సంతోషంగా బయలుదేరాను.

యాప్రాల్

పౌర సేవల గురించి మాట్లాడవలసినది నేను. సైనిక సేవల గురించి మాట్లాడవలసిన వ్యక్తి యాప్రాల్‌లో ఉంటారు. మా గోదావరి వైపు ఇళ్ల గేట్ల మీద మాతృకృప, శ్రీనిలయం అని రాసి ఉంటుంది. కంటోన్మెంటును ఆనుకుని ఉన్న ఈ కాలనీల్లో హోదా రాసి ఉంటుంది. ఒక గేటు మీద హవల్దారు, పక్క గేటు మీద నాయబ్ సుబేదారు, ఆ పక్కన ఏ హోదా లేని డాక్టరు. ఆయన గేటు కొంచెం చిన్నబోయినట్టు కనిపించింది.

సుబేదారు జోసఫ్ గారు సైనిక ఆసుపత్రులలో నర్సింగు సహాయకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. తెల్లని మీసాలు, నిటారైన నడుము. యుద్ధం చూశారా అని అడిగాను.

"యుద్ధమే నా తానికి వచ్చేది మేడం. నేను దాని తానికి పోలే. స్ట్రెచర్ మీద పండుకొని వచ్చేది," అన్నారు.

ఆయన పాత మారుతి వ్యానులో ప్రయాణం. పతకాలు కుట్టిన కోటును మడత చెడకుండా హ్యాంగరుకు తగిలించి వెనక సీటు పైన వేలాడదీశారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆ కోటు మూడో ప్రయాణికుడిలా మా వైపు వంగి మా మాటలు వింటున్నట్టుండేది.

"పిల్లలకు ఏం చెబుతారు?" అన్నాను.

"నిజం జెప్త. పొద్దుగాల నాలుగింటికి లెవ్వాలె అంట. సగం మంది గాడ్నే తప్పుకుంటరు. మిగిలినోళ్లకు మిగిలింది జెప్త."

నా పద్ధతి కూడా అదే కనుక మాకు మొదటి రోజే పొత్తు కుదిరింది.

మేడ్చల్

అంతకుముందు జరిగిన సమ్మెలో పనిదినాలు చాలా పోయినందువల్ల, పరీక్షల ముందు ఒక పీరియడు ఇవ్వడానికి ప్రధానోపాధ్యాయులు చాలా బాధపడ్డారు. బాధపడుతూనే వేదిక వేయించారు. వేదిక మీద ఎర్ర గుడ్డ కప్పిన బల్ల, ఆరు కుర్చీలు, మధ్య కుర్చీలో ఒక నాయకుడు ఉన్నారు. అందరూ ఆయనను నర్సన్న అంటారు. ఒకప్పుడు మండలంలో ఏదో పదవిలో ఉండేవారు. మళ్లీ ఏదో పదవిలో ఉండబోతున్నారు. ఆ రెండింటి మధ్య కాలాన్ని ఇలాంటి వేదికల మీద గడుపుతున్నారు.

మా వైపు సభల్లో ముందు ఉపన్యాసం, చివర సన్మానం. ఉపన్యాసం బాగా లేకపోతే సన్మానంలో చప్పట్లు తగ్గుతాయి. ఇక్కడ ముందే శాలువా కప్పుతారు. ఆ తరువాత మనం ఎలా మాట్లాడినా వారు చేసేది లేదు. ప్రధానోపాధ్యాయులు నర్సన్నకు కప్పారు, నర్సన్న ప్రధానోపాధ్యాయులకు కప్పారు, ఇద్దరూ కలిసి మాకు కప్పారు, శాలువాలు తెచ్చిన వ్యక్తికి శాలువా లేదని గుర్తించి ఎవరో తమది తీసి ఆయనకు కప్పారు. ఈ మర్యాదలు ముగిసేసరికి మాకిచ్చిన పీరియడులో ఆఖరి భాగం మాత్రమే మిగిలింది. పౌర సేవలను నేను త్యాగం చేసి సుబేదారు గారికి మైకు ఇచ్చాను.

ఆయన చెప్పినట్టే తెల్లవారుజామున లేవడంతో మొదలుపెట్టారు. వెనక వరుస మగపిల్లలు అప్పుడే తప్పుకోవడం వారి ముఖాల్లో కనిపించింది. తరువాత తన ఆసుపత్రి గురించి చెప్పారు.

"నా వార్డుల నర్సింగ్ ఆఫీసర్లు ఉండేది. లెఫ్టినెంట్ మేడమ్, కెప్టెన్ మేడమ్. నాకంటె శాన చిన్నోళ్లు. అయినా వాళ్లు లోపటికి వస్తె నేను లేసి నిలవడి సెల్యూట్ గొట్టేది."

మూడో వరుసలో ఒక అమ్మాయి లేచింది. సన్నగా, రెండు జడలతో ఉంది. తరువాత తెలిసిన పేరు రెహానా.

"ఆడోళ్లకు మొగోళ్లు సెల్యూట్ గొడ్తరా సార్?"

"గొట్టకుంటె శిక్ష వడ్తది బిడ్డా."

ఆడపిల్లల వైపు నుంచి పెద్ద నవ్వు. ఆ అమ్మాయి నవ్వలేదు. "దానికి ఏం సదవాలె?" అంది.

సుబేదారు గారు వరుసగా చెప్పారు. ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంపికైతే నాలుగేళ్ల నర్సింగు చదువు, ఖర్చు సైన్యానిదే. అప్పటికి పెళ్లి అయి ఉండకూడదు. చదువు పూర్తయ్యాక లెఫ్టినెంటు.

"ఇంటర్ లేకుంట కుదరదా సార్?"

"కుదరది బిడ్డా."

ఆ అమ్మాయి కూర్చుంది. గంట కొట్టారు. గంట తరువాత కూడా మాట్లాడే అధికారం ఒక్క నర్సన్నకే ఉంది. ఆయన మైకు అందుకుని, "మన మేడ్చల్ బిడ్డ, మన రెహానా, మిలిటరీ ఆఫీసర్ కాబోతాంది! గట్టిగ సప్పట్లు గొట్టాలె!" అని ప్రకటించి, తన మెడలోని శాలువా తీసి ఆ పిల్లకు కప్పారు. ఎవరో ఫోను ఎత్తి ఫొటో తీశారు. అదంతా ఉత్సాహంలో అన్న మాటేనని నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్న భోజనం వేళ పంపు దగ్గర రెహానా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది, దాన్ని ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియక.

"మేడం, ఇంటర్ లేకుంట ఇంకేదన్న తొవ్వ ఉందా?" అంది.

"ఇంటర్ ఎందుకు లేదు?"

"మా అబ్బా చౌరస్తల అంగూర్ బండి వెడ్తడు. ఆయన సదువుమంటడు. మా ఫుప్పు, అంటే మా మేనత్త, వద్దంటది. సిటీల ఆమెకు జాకెట్ల మీద కుట్టె మగ్గం పని కార్ఖానా ఉంది. శనివారం వస్తది. పరీక్షలు కాంగనె నన్ను తోల్కవోతనని అబ్బా తాన మాట తీస్కుంటది."

"మీ నాన్నతో నేను మాట్లాడనా?"

"మాట్లాడితె ఇప్పుడే సరే అంటడు మేడం. ఫుప్పు వచ్చినంక ఆమెకు గూడ సరే అంటడు. ఆయన్ని పెంచిందే ఆమె."

వేరే దారి లేదని చెప్పాను. నిజం చెప్పడం నా ఉద్యోగం. ఆ పిల్ల శాలువా మడిచి నా చేతిలో పెట్టి తరగతికి వెళ్లింది.

చౌరస్తా

శుక్రవారం ఉదయం రావల్కోల్ వెళ్లాలి. మేడ్చల్ బస్ డిపో దాటి చౌరస్తాకు వచ్చేసరికి సుబేదారు గారు వ్యాను ఆపి, "యేసయ్యా," అన్నారు.

రెండంతస్తుల ఎత్తున ఒక ఫ్లెక్సీ. మధ్యలో నర్సన్న, చేతులు జోడించి, వెనక ఉదయిస్తున్న సూర్యుడితో. కింది అంచు పొడవునా ఆయన అనుచరుల తలలు, అరటిగెలలో కాయల్లా. ఒక పక్క యుద్ధ విమానం, మరొక పక్క ట్యాంకు. కుడివైపు పై మూలలో, విమానం తోక కింద, శాలువాతో రెహానా. "భారత సైన్యంలో లెఫ్టినెంటుగా ఎంపికైన మేడ్చల్ ముద్దుబిడ్డ కుమారి రెహానాకు హృదయపూర్వక శుభాకాంక్షలు."

నేను ఆ వాక్యాన్ని పరిశీలించాను. ఎంపిక జరగలేదు. లెఫ్టినెంటు కావడానికి ఇంటర్ అయ్యాక నాలుగేళ్లు పడుతుంది. ముద్దుబిడ్డ అన్నది ఒక్కటే ఇంకా విచారించవలసి ఉంది.

సరిగ్గా దాని కిందే అంగూర్ బండి. బండి వెనక బక్కపలచటి మనిషి, తలకు రుమాలు చుట్టుకుని, ద్రాక్షగుత్తుల మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. శామీర్‌పేట వైపు తోటల్లో తెల్లవారకముందే గంపలకు బేరమాడి తెస్తాడట. రెహానా తండ్రి ఖాజా మియా అతడే. నన్ను చూడగానే కిలో తూచి, పైన ఒక గుత్తి కొసరు వేశాడు. కిలో నలభై రూపాయలు. మా రాజమండ్రిలో కొసరు అడిగితే వేస్తారు. ఇక్కడ అడగకముందే వేసి, అడిగే అవకాశం లేకుండా చేస్తారు.

"ఖాజా భాయ్, పైన రాసింది నిజం కాదు," అన్నాను.

"గది నాకు తెల్వదా మేడం? పొద్దుగాల బోళ్లు తోమిన పిల్ల పొద్దుమూకె వరకు ఆఫీసర్ ఎట్లయితది?"

"మరి తీసెయ్యమని అడగలేదా?"

అతడు పైకి చూసి, తరువాత ద్రాక్షల వైపు చూశాడు. "నీడ మంచిగ వడ్తాంది మేడం."

అక్కడి నుంచే నర్సన్నకు ఫోను చేశాను. ఆయన ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు.

"అక్కా, ఫ్లెక్సీ అంటె దీవెన అసోంటిది. దీవెనల తప్పు ఒప్పు సూస్తరా? మీ ఫొటో గూడ ఏద్దమనుకున్న, మావోళ్లకు దొరకలే. కోపం జేస్కోకుండ్రి."

నా ఫొటో లేనందుకు నాకు కోపం వచ్చిందని ఆయన నిశ్చయించుకున్నారు. ఆ అభిప్రాయాన్ని మార్చడానికి ఎంత ప్రయత్నిస్తే అది అంత బలపడింది.

రావల్కోల్

ఇక్కడ వేదిక లేదు, శాలువా లేదు, నాయకుడు లేడు. అందువల్ల పౌర సేవలకు నోరు తెరిచే అవకాశం వచ్చింది. ముందుగా, మీలో ఎవరికి ఏ ఉద్యోగం కావాలి, ఎందుకు కావాలి అని అడిగాను. దేశసేవ, ప్రజాసేవ అని చెబుతారని, వాటిని వివరించి ముందుకు పోవచ్చునని నా అంచనా.

మొదటి బెంచీలోని అబ్బాయి, "వీఆర్వో," అన్నాడు. గ్రామ రెవెన్యూ అధికారి.

"ఎందుకు?"

"మా నాయిన పాస్‌బుక్ కోసం వీఆర్వో ఇంటి ముంగట కూసుంటడు మేడం. నేను గా ఇంటి లోపట కూసుంట."

రెండో అబ్బాయి కరెంటు లైన్‌మ్యాన్ అవుతానన్నాడు. "ఎవల ఇంట్ల లైట్ రావాల్నో నేనే జెప్త." ఒక అమ్మాయి బస్సు కండక్టరు కావాలంది. "ఎంత పెద్దోళ్లనైనా జరుగు జరుగు అనొచ్చు."

ప్రభుత్వోద్యోగాలను ఈ పిల్లలకు పరిచయం చేయడానికి నేను వచ్చాను. వారికి వాటితో పుట్టినప్పటి నుంచీ పరిచయం ఉంది, కాకపోతే బల్లకు అవతలి వైపు నుంచి.  సుబేదారు గారు చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వుకుంటున్నారు.

మధ్యాహ్నం ఒక ఉపాధ్యాయిని ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మేము పులుసు అన్నదాన్ని మరిగించి మరిగించి ఒక రూపానికి తెస్తాం. వీరు చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, పొయ్యితో సంబంధం లేకుండానే పులుసు అని పేరు పెట్టేస్తారు. మొదటి ముద్దకు ఇది మోసమనిపించింది. మూడో ముద్దకు మేము ఇన్నాళ్లూ గ్యాసు వృథా చేశామనిపించింది.

శామీర్‌పేట

శనివారం ఉదయం చిన్న ప్రమాదం జరిగింది. ముందు రోజు కొన్న ద్రాక్షలను వెనక సీటు మీద మరిచిపోయాం. రాత్రి హ్యాంగరు జారి కోటు వాటి మీద పడింది. పొద్దున సుబేదారు గారు తడిగుడ్డతో మరక తుడిచి కోటు వేసుకున్నారు. పతకాల వెనక చేరిన చీమల సంగతి శామీర్‌పేట బడిలో క్రమశిక్షణ గురించి మాట్లాడుతుండగా ఆయనకు తెలిసింది. ఆయన కదలలేదు. ముఖం ఎర్రబడింది, మెడ నరం పొంగింది, మాట మాత్రం తడబడలేదు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. సైనికుడు దేశం పేరు చెబితేనే ఎంత ఆవేశపడతాడో చూడండి అని ఆ బడి తెలుగు మాస్టారు ముగింపులో మెచ్చుకున్నారు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర నలుగురైదుగురు తల్లులు ఉన్నారు. చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో పిల్లల సర్టిఫికెట్లు. పొలం పని మానుకుని వచ్చినట్టు కాళ్లకు మట్టి.

"మేడం, మేడ్చల్ల ఒక పిల్లను రాసుకున్నరంట గద. మా పోరన్ని గూడ రాసుకోండ్రి. మస్తు ఉరుకుతడు," అంది ముందున్న తల్లి.

"మేము ఎవరినీ రాసుకోలేదమ్మా."

"ఫ్లెక్సీ గట్టిండ్రు గద?"

నేను వివరించాను. ఆమె చివరి వరకూ వింది. విని, పక్కావిడతో, "మనకు జెప్తలేరు. మేడ్చలోళ్లకే ఇస్తరట," అంది. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవారు కోపంగా వెళ్లిపోయారు.

చెరువు కట్ట మీద చాయ్ తాగుతూ సుబేదారు గారితో చెప్పాను. "ఆ ఫ్లెక్సీ ఈ రోజే దిగాలి. నేనే దగ్గరుండి దింపిస్తాను."

"పిల్ల మేనత్త ఇయ్యాలనే వచ్చేది గద మేడం," అన్నారాయన, సాసరులోని చాయ్ ఊదుకుంటూ.

"అబద్ధం మీద ఆ పిల్ల చదువు నిలబడాలా?"

"నిలవడద్దు. నేనేమన్న అన్ననా?" అని ఆయన సాసరు కింద పెట్టి వ్యాను వైపు నడిచారు.  

మళ్లీ చౌరస్తా

మూడు గంటలు దాటింది. గాలి లేచింది. ఫ్లెక్సీ కుడివైపు పై మూల తాడు తెగి, రెహానా ఉన్న భాగం టపటపా కొట్టుకుంటూ మాటిమాటికీ నర్సన్న ముఖం మీద పడుతోంది. ఖాజా మియా పక్క దుకాణం నుంచి నిచ్చెన తెచ్చి ఆనించాడు. రెహానా బండి దగ్గర ఉంది.

"తీసేస్తున్నారా? మంచి పని," అన్నాను.

"తీసుడు గాదు మేడం, కట్టుడు."

శామీర్‌పేట తల్లుల సంగతి చెప్పాను. కవర్లు, మట్టి కాళ్లు, పోయిన కూలి, అన్నీ చెప్పాను. ఖాజా మియా తలవంచుకున్నాడు. రెహానా మాత్రం నా ముఖంలోకి సూటిగా చూసింది.

"నిజమే మేడం. తీసెయ్యాలె. బడికి పోవాలంటె నాకే షరమయితాంది. పోరగాండ్లు తొవ్వల నిలవడి సెల్యూట్లు గొడ్తుండ్రు. కానీ ఫుప్పు బస్సు మూడున్నరకు. ఆమె సూసినంక నేనే గుంజి పారేస్త."

"దీన్ని చూస్తే ఆమె మనసు మారుతుందా?"

జవాబు ఖాజా మియా చెప్పాడు. "నేను సదివిస్త అంటె, నీకేం తెలుసురా అంటది మేడం. ఊరు జెప్తె ఊకుంటది. మా అక్క నన్ను లెక్కవెట్టది గని ఊర్ని లెక్కవెడ్తది."

నిన్న నీడ గురించి చెప్పిన మనిషి అసలు కారణం ఇప్పుడు చెప్పాడు. అంతలోనే సుబేదారు గారు కోటు విప్పి వ్యానులో పెట్టి నిచ్చెన ఎక్కేశారు.

"మిలిటరీ ముడి ఏస్త, తుఫాను వచ్చినా ఊడది. మేడం, జర నిచ్చెన వట్టుకోండ్రి. నేల సాపు లేదు," అన్నారు.

ఆయన వయసు మనిషి పైన ఉన్నారు. నిచ్చెన నిజంగానే కదులుతోంది. శనివారం మధ్యాహ్నం, మేడ్చల్ చౌరస్తాలో, పట్టపగలు, ఒక ప్రభుత్వోద్యోగిని ఒక అసత్య ప్రకటనను రెండు చేతులతోనూ నిలబెట్టినట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ముడి పడింది. బస్సు కూడా వచ్చింది. బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుని, చేతిలో రేకు డబ్బాతో ఒక పెద్దావిడ దిగి తిన్నగా ఇటే వచ్చింది. ఫ్లెక్సీని చూసి ఆగింది. చాలాసేపు చూసింది. ఆమెకు తెలుగు మాట వచ్చు, చదవడం రాదు. అక్కడున్నవారిలో చదువుకున్న మొహం నాదే అని తోచిందేమో, నా వైపు తిరిగింది.

"ఏం రాసిండ్రమ్మా గీడ? మా పిల్ల ఫొటో ఎందుకేసిండ్రు?"

ఖాజా మియా ద్రాక్షల మీద నీళ్లు చిలకరించడం మొదలుపెట్టాడు. రెహానా నన్నే చూస్తోంది. ఉన్నదున్నట్టు చదివితే చాలు, పని అయిపోతుంది. 

"రాసినవారు తొందరపడ్డారమ్మా," అన్నాను. "మిలిటరీలో నర్సు ఆఫీసరు కావడానికి ఈమెకు ఇంకా చాలా ఉంది. ఇంటర్ రెండేళ్లు. ఆపైన పరీక్ష. నెగ్గితే నాలుగేళ్లు నర్సింగు. ఆ తరువాతే ఉద్యోగం."

"పరీక్షల ఫెయిలైతే?"

"ఫెయిలైతే ఆ ఉద్యోగం లేదు."

రెహానా కళ్లు దించుకుంది. సుబేదారు గారు నిచ్చెన మీదే ఉండిపోయారు.

"మగ్గం పనిల ఫెయిలనేది లేదు," అంది మేనత్త. మళ్లీ పైకి చూసింది. "నడుమ గీ మొగోడెవడు? పిల్ల గింత, వీడు గంత. వీడేం పాసయిండు?"

"నాయకుడు అక్కా," అన్నాడు ఖాజా మియా.

"ఊరంత సూసిండ్రా దీన్ని?"

"నిన్న పొద్దుగాలటిసంది సూస్తనే ఉండ్రు. అందరు ముబారక్ జెప్తుండ్రు. నీ పేరు గూడ అంటుండ్రు, నువ్వు పెంచిన ఇల్లని."

ఆ ఆఖరి మాట నిజమో, అప్పటికప్పుడు పుట్టిందో నేను విచారించలేదు. ఆమె రేకు డబ్బా బండి మీద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. తమ్ముడితో కాక, మేనకోడలితో మాట్లాడింది.

"ఆరేండ్లంట. నాకు ఇప్పుడే సూదిల దారం ఎక్కుతలేదు బేటా. పనిపిల్లలు పొద్దుమూకంగనె పోతరు. పండుగ మాల్ అంత గట్లనె ఉంటది. నిన్ను పనికి గాదు, కండ్లకు తీస్కపోదమనుకున్న."

ఇది ఎవరికీ తెలిసినట్టు లేదు. ఖాజా మియా చేతిలోని చెంబు ఆగిపోయింది. ఇంతసేపూ ఆమెను అడ్డంకి అనుకున్న నేను నిచ్చెన వదిలి పక్కకు జరిగాను. సుబేదారు గారు పైనుంచి, "మేడం!" అని అరిచారు. మళ్లీ పట్టుకున్నాను.

రెహానా మేనత్త ముందు కూర్చుంది. "ఎండకాలం సెలవులు అన్ని నీ తాన్నే ఉంట ఫుప్పు. కాలేజ్ తెరిస్తె వస్త. మళ్ల సెలవులకు వస్త."

"రెండు నెలలల్ల మగ్గం వస్తదా?"

"మగ్గం రాదు. దారం ఎక్కిచ్చుడు వస్తది."

ఆవిడ నవ్వలేదు కానీ, ఆ పిల్ల జడ సరిచేసింది. "జూన్ల పంపిస్త. ఫెయిలయినవంటె మల్ల మగ్గం కాడికే. మేడం, మీరు సాచ్చెం," అంది. నేను సాక్షిగా తల ఊపాను. ఇది ఆ మూడు రోజుల్లో నేను ఇచ్చిన మొదటి హామీ. ఉత్తర్వులో దానికి చోటు లేదు.

తరువాత ఆవిడ లేచి ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి, అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. బట్ట తెలిసిన చెయ్యి.

"గట్టిగనె ఉంది. ఖాజా, దించు దీన్ని. నా కార్ఖానా రేకులు ఆనకు కారుతున్నయి. వాటి కింద గట్టుకుంట."

"అక్కా, నర్సన్న ఏమన్న అనుకుంటడేమో..."

"మన పిల్ల ఫొటో అడక్కుంట ఏసినప్పుడు మనం అనుకున్నమా?"

సుబేదారు గారు తుఫానుకు కూడా ఊడదని చెప్పిన ముడిని విప్పడానికి, వేసినదానికంటే చాలా ఎక్కువసేపు పట్టింది. నిచ్చెన మళ్లీ నేనే పట్టుకున్నాను. కిందికి దిగిన ఫ్లెక్సీని నలుగురం నాలుగు మూలలు పట్టి రోడ్డు పక్కన పరిచాం. మడతపెట్టబోతుంటే మేనత్త ఆపింది.

"రాతలు లోపటి దిక్కు వచ్చెటట్టు గడ్త. పని జేస్కుంట పిల్లను సూస్త," అని, వంగి, చేత్తో తడుముతూ నర్సన్న నుదురు దగ్గర వేలు పెట్టింది. "బల్బు వైరుకు గిక్కడ బొక్క వొడవాలె."

ఆ రకంగా మేడ్చల్ చౌరస్తా నుంచి అసత్య ప్రకటన తొలగింది. ప్రస్తుతం అది నగరంలో ఒక మగ్గం కార్ఖానా పైకప్పుకు లోపలి వైపు ఉంది. అక్కడ పనిచేసేవారిలో తెలుగు చదవగలిగేవారు ఒక్కరూ లేరు, వేసవి సెలవుల్లో తప్ప.